కారు షెడ్డులో మైనింగ్ మెషీన్: 65 వేలకి ఎస్19జె ప్రో వస్తోంది, తీసుకోవచ్చా?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత, మందుల షాపు నడుపుతాను. క్రిప్టో గురించి నాకు తెలిసిందల్లా మా మేనల్లుడు చెప్పిందే. అందుకని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పినా నేనేమీ అనుకోను.

సంగతేంటంటే, మా బావకి తెలిసినాయన ఒకరు హైదరాబాదులో యాంట్‌మైనర్ ఎస్19జె ప్రో అమ్ముతున్నారు. ఆగకుండా లెక్కలు వేస్తూ బిట్‌కాయిన్లు సంపాదించే మెషీన్ అంట, ఆ పనినే మైనింగ్ అంటారట. 104 టెరాహాష్ అంట, అంటే సెకనుకి 104 లక్షల కోట్ల లెక్కలు. సెకండ్ హ్యాండ్, 65 వేలు. ఫోన్‌లో వీడియో పంపాడు. గోడవార చెప్పుల స్టాండంత డబ్బా, ముందు రెండు ఫ్యాన్లు, వెనక రెండు. స్క్రీన్ మీద 104 అని అంకె కదులుతోంది. "రోజుకి 370, 380 రూపాయలు కళ్లు మూసుకుంటే వస్తాయి" అన్నాడాయన. మా బావ వెంటనే లెక్క కట్టేశాడు: నెలకి 11 వేలు, ఆరు నెలల్లో అసలు వచ్చేస్తుంది, ఆ తర్వాతంతా లాభమే అని. మా బావ లెక్కల్లో ఖర్చు అనే గళ్లు ఉండవండి. చెరువు లెక్కయినా అంతే.

నా దగ్గర ఉన్నవి చెప్తాను. ఇంటి పక్కన రేకుల కారు షెడ్డు ఉంది, పది అడుగులు బై పద్దెనిమిది. ఒక గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. ఇంకో గోడ అవతల మా అమ్మ పడుకునే గది. పోయినేడాది 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాను, సబ్సిడీ 78 వేలు వచ్చింది. ఇప్పుడు చాలా నెలలు బిల్లు నామమాత్రంగానే వస్తోంది. అందుకే మా బావ "కరెంటు నీకు ఫ్రీయే కదా" అంటున్నాడు. అదీ కుదరకపోతే చెరువు దగ్గర మోటారు షెడ్డులో పెడదామంటాడు. అక్కడ ఆక్వా కరెంటు యూనిట్ రూపాయిన్నర.

వినడానికి బాగానే ఉంది కానీ నాకెందుకో లోపల పీకుతోంది. ఎవరైనా ఇంట్లో నిజంగా నడిపినవాళ్లుంటే చెప్పండి. చప్పుడెంత, వేడెంత, వైరింగ్ ఏం మార్చాలి, చివరికి ఏమైనా మిగులుతుందా?

*

డాలస్ డబ్బా:

గట్టు గారూ, సరిగ్గా మీరు చెప్పిన మోడలే నేను నడిపాను. డాలస్ శివార్లలో మా ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ. 2023 ఫిబ్రవరిలో 1,500 డాలర్లకి సెకండ్ హ్యాండ్ కొన్నాను. ఇక్కడ గోడ ప్లగ్గులన్నీ 120 వోల్టులే. మెషీన్‌కి 200 పైన కావాలి. అందుకని బట్టలారబెట్టే డ్రయర్ కోసం ఉన్న 240 వోల్టుల పాయింటుకి తగిలించాను. ఆ విషయంలో మీరే నయం, మీ గోడలో 230 ఉంది.

ముందు చప్పుడు సంగతి. కాగితం మీద 75 డెసిబెల్స్ అని రాస్తారు, దాన్నిబట్టి ఏమీ అర్థం కాదు. వ్యాక్యూం క్లీనర్ ఆన్ చేసి మర్చిపోయి ఊరెళ్లిపోయారనుకోండి, అదీ చప్పుడు. రాత్రి రెండింటికీ అదే, పండగరోజూ అదే. మొదటి రాత్రి మా ఆవిడ గ్యారేజీకీ వంటింటికీ మధ్య తలుపు కింద దుప్పటి మడిచి పెట్టింది. మూడో రోజు పక్కింటాయన వచ్చి, మీ ఇంట్లో ఏదో మోటారు ఆగకుండా తిరుగుతోంది, చూసుకున్నారా అని మర్యాదగా అడిగి వెళ్లాడు. మీ అమ్మగారి గది గోడ అవతలే అంటున్నారు కదా. నాకైతే కథ ఇక్కడే ముగిసిపోవాలనిపిస్తోంది. అయినా మిగతాదీ చెప్తాను.

వేడి. ఇది 3,068 వాట్లు లాగుతుంది. అందులో ఒక్క వాటు కూడా ఎక్కడికీ పోదు, అంతా వేడిగాలై వెనకనుంచి బయటికొస్తుంది. ఒక టన్ను ఏసీ మొత్తం కలిపి తోడేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే మీ షెడ్డులో దీన్ని చల్లబరచడానికే దాదాపు టన్ను ఏసీ కావాలి, దాని బిల్లు మళ్లీ వేరు. రేకుల కింద, రోహిణి కార్తెలో! లోపల చిప్పులు హద్దు దాటి వేడెక్కితే మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. నేను జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆపేశాను. మిగతా నెలల్లో ఎనిమిదంగుళాల గొట్టం బిగించి గాలిని బయటికి వదిలేవాణ్ని.

చలికాలం మాత్రం బాగుండేది, అబద్ధం చెప్పను. ఆ డిసెంబరులో మా అత్తగారు వచ్చారు. ఇక్కడ ఎండ లేదు, మినప వడియాలు పెట్టుకోలేకపోతున్నానని ఒకటే బాధ ఆవిడకి. నాలుగో రోజు గ్యారేజీలోకి వెళ్తే గొట్టం ఊడదీసి ఉంది. మెషీన్ వెనక రెండు మడత కుర్చీలు, వాటి మీద పాత పంచె, పంచె మీద వరసగా వడియాలు. "గాలి వేడిగా, జోరుగా భలే వస్తోంది బాబూ, ఇదేం మిషనూ?" అన్నారు. బిట్‌కాయిన్ గురించి ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. హీటరండీ అన్నాను.

ఇక అసలు సంగతి. అందరూ డాలర్లలో, రూపాయల్లో లెక్కేస్తారు. అక్కడే బోల్తా పడతారు. నేను నెల తిరిగాక నాణేల్లో లెక్కేశాను. మెషీన్ రోజుకి దాదాపు 31 వేల సతోషీలు తెచ్చేది (బిట్‌కాయిన్‌లో పదికోట్లో వంతు సతోషీ). రోజుకి 73.6 యూనిట్లు, యూనిట్ 13 సెంట్లు, అంటే కరెంటుకి తొమ్మిదిన్నర డాలర్లు. అప్పుడు బిట్‌కాయిన్ 23 వేల డాలర్లు. ఆ తొమ్మిదిన్నర డాలర్లు పెట్టి నేరుగా కొనుక్కుంటే 41 వేల సతోషీలు వచ్చేవి! నేను రోజూ 41 వేలు ఇచ్చి 31 వేలు తెచ్చుకుంటున్నానన్నమాట. చప్పుడూ వేడీ ఉచితం.

ఆ తర్వాత ధర మూడింతలైంది నిజమే. "చూశావా, మైనింగ్‌లో బాగుపడ్డావ్" అన్నారు స్నేహితులు. బాగుపడింది నాణెం దాచుకున్నందుకు. కొనుక్కుని దాచుకుని ఉంటే ఇంకా బాగుపడేవాణ్ని.

*

ఫేజు న్యూట్రల్:

అన్నా, నేను హనుమకొండల ఎలక్ట్రికల్ వర్క్ చేస్త. గా కాయిన్ల సంగతి నాకు తెల్వది, వైరు సంగతి చెప్త.

3,068 వాట్లంటె 230 వోల్టుల మీద 13 ఆంప్స్ పైన. అయ్యో, గంతేనా, మా గీజర్ గూడ గంత లాగుతది అంటరు. గీజరు పది నిమిషాలకు కట్ అయితది. ఏసీ కంప్రెసర్ గూడ ఆగుకుంట నడుస్తది. ఇది ఆగదు. 24 గంటలు, నెలంత. వైరు చల్లారేటందుకు టైమే దొరకది. నిరుడు ఒక గ్రాఫిక్ కార్డుల మైనింగ్ సెటప్ దగ్గరికి పిలిస్తె పోయిన. స్విచ్ బోర్డు మంచిగనే కనవడ్డది. ప్లగ్ ఊడదీస్తె పిన్ను మీద ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకం లెక్క సాగింది. లోపల స్క్రూ ఒక్కటి లూజు, గంతే.

నువ్వు పెట్టుడే ఖాయమైతె, డీబీ (ఇంటి మెయిన్ బోర్డు) నుంచి సీదా సపరేటు లైను గుంజిపియ్యి. 4 ఎస్‌క్యూఎమ్‌ఎమ్ కాపర్, నడుమల జాయింట్ ఉండద్దు. 20 ఆంప్స్ ఎంసీబీ ఉన్న ఏసీ బాక్స్ పెట్టు. మెషీన్‌కు రెండు కార్డులు ఉంటయి, రెండూ కలిపి ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చితె అగ్గిపెట్టె కొనుక్కచ్చుకున్నట్టే. ఎర్తింగ్ చూపిచ్చుకో, పాత ఇండ్లల్ల ఎర్త్ వైరు పేరుకే ఉంటది.

ఇంకోటి, రాత్రి మీ ఊర్ల వోల్టేజి ఎంత ఉంటది? మీటరు పెట్టి చూడు. 200 కన్న కింది కస్తె ఇది నడ్వది. వోల్టేజి తగ్గినకొద్ది ఆంప్స్ ఎక్కువ లాగుతది గూడ. నీది 5 కిలోవాట్ల లోడు, రెండు ఏసీలు ఉన్నయంటె ఇది కలిస్తె దాటిపోతది. లోడు పెంచుకునుడు ముందుగాల, మెషీన్ తర్వాత.

*

గోదారి గట్టు:

రెండు ఏసీలని నేను చెప్పలేదే, మీకెలా తెలిసిందండీ! నిజంగానే రెండున్నాయి. రాత్రి వోల్టేజీ చూశాను, ఎనిమిదింటికి 208, పదకొండింటికి 221. చెరువు దగ్గర మోటారు షెడ్డులో మావాడు చూస్తే 187.

డాలస్ గారూ, వడియాల ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను, ఇంకా నవ్వుతోంది. అయితే నా సోలార్ సంగతి తేల్చండి. కరెంటు ఊరికే వచ్చినప్పుడు ఈ 41 వేలూ 31 వేలూ లెక్క నాకు వర్తించదు కదా?

*

డాలస్ డబ్బా:

ఊరికే రాదండీ. ఎంత మిగులుతుందో చూద్దాం.

5 కిలోవాట్ల పలకలు ఏడాది సగటున రోజుకి 20 యూనిట్ల దాకా ఇస్తాయి. నెలకి 600. మీ ఇంటికి 400 పోతాయనుకుంటే మిగిలేవి 200. మెషీన్‌కి రోజుకి 73.6 కావాలి. మీ నెల మొత్తం మిగులునీ ఇది మూడు రోజుల్లోపే తాగేస్తుంది. మిగతా 27 రోజులూ డిస్కం కరెంటే.

ఆ కరెంటు ఎంతలోపు దొరికితే గిట్టుతుందో ఇప్పుడు చూడండి. బిట్‌కాయిన్‌లో పది నిమిషాలకొక బ్లాకు (లావాదేవీల పద్దులో ఒక పేజీ), ముందుగా లెక్క తేల్చినవాళ్లకి బ్లాకుకి 3.125 నాణేల బహుమతి, అంటే రోజుకి ప్రపంచం మొత్తానికి 450. లెక్క సులువు కోసం ప్రపంచంలోని మెషీన్లన్నీ కలిపి 1,000 ఎక్సాహాష్ (ఒక ఎక్సా అంటే పది లక్షల టెరా) అనుకుందాం, ఈమధ్య ఆ చుట్టుపక్కలే ఉంది. అందులో మీ 104 టెరాహాష్ వాటా దాదాపు కోటిలో ఒకటో వంతు. రోజుకి 4,680 సతోషీలు. బిట్‌కాయిన్ 80 లక్షల రూపాయలనుకుంటే 374 రూపాయలు. హైదరాబాదాయన చెప్పిన అంకె అబద్ధం కాదు. దాన్ని 73.6 యూనిట్లతో భాగించండి: యూనిట్‌కి 5 రూపాయల 8 పైసలు. మీకు చివరి స్లాబు 9.75 పడుతుంది. ఇంక వేరే ఏదీ చూడక్కర్లేదు.

నా మొదటి నెలలో 31 వేలు తెచ్చిన మెషీన్ మీకు నాలుగున్నర వేలే ఎందుకు తెస్తుందంటారా? మెషీన్ అదే. ప్రపంచంలో పోటీ మూడింతలైంది. ప్రతి 2,016 బ్లాకులకీ, అంటే రెండు వారాలకోసారి, ఆ లెక్క కష్టం సర్దుబాటు అవుతుంది. ఎంతమంది కొత్తగా వచ్చి చేరినా బ్లాకు పది నిమిషాలకే పడేలా. పైగా 2024 ఏప్రిల్ 20న బహుమతి 6.25 నుంచి 3.125కి పడింది. మాకు 19 సాయంత్రం ఏడు దాటాక పడింది, గ్యారేజీలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. తమాషా ఏంటంటే ఆ ఒక్క రోజూ లావాదేవీల ఫీజులు విపరీతంగా పెరిగి మామూలుకంటే ఎక్కువే వచ్చింది. ఆగిపోయే ముందు దీపం వెలిగినట్టు. తర్వాత వారం తిరక్కుండా 8 వేల సతోషీలకి దిగింది. మేలో అమ్మేశాను. 2028లో మళ్లీ సగమవుతుంది.

కొత్త ఎస్21 అయితే? 200 టెరాహాష్, 3,500 వాట్లు. అదే లెక్కలో యూనిట్‌కి ఎనిమిదిన్నర దాకా తట్టుకుంటుంది. అంటే అంత ఖరీదు పెట్టి కొన్నా మీ 9.75 దగ్గర ఓడిపోతుంది.

*

పాత ఏఈ:

నేను విద్యుత్ శాఖలో ఏఈగా రిటైరయ్యాను. చెరువు షెడ్డు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

బాబూ, ఆ రూపాయిన్నర కరెంటు ఏరేటర్లకీ మోటార్లకీ. మిగతాది ప్రభుత్వం భరిస్తోంది. ఆ మీటరు మీద ఇంకేం నడిపినా 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ (అనధికార వాడకం) కిందికి వస్తుంది. అసెస్‌మెంట్ రెట్టింపు టారిఫ్‌తో వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాదికి వేస్తారు. నెలకి 2,200 యూనిట్లు కొత్తగా తిరిగితే మీటరు రీడరుకే కాదు, పక్క చెరువు రైతుకి కూడా తెలిసిపోతుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం చేసినా ఇదే సెక్షన్ చూపించగలరు.

జరిమానా ఒక ఎత్తు. మూడు కిలోవాట్లంటే రెండు హెచ్‌పీ ఏరేటర్లు రెండింటి లోడు. అసలే 187 వోల్టులున్న లైను మీద అది కూడా వేసి, తెల్లవారుజామున మూడింటికి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయిందనుకోండి. డీఓ (నీళ్లలో ఆక్సిజన్) పడిపోయి రొయ్య తేలితే ఎంత నష్టమో మేత షాపాయనకి నేను చెప్పాలా?

సోలార్ కలిపి మీ బిల్లు స్లాబుల ప్రకారం వేసి చూశాను. మీ ఇల్లూ మెషీనూ కలిపి 2,608, సోలార్ 600 తీసేస్తే 2,008 యూనిట్లు. మొదటి నాలుగొందలు తక్కువ స్లాబుల్లో పోయినా మొత్తం 18,200 అవుతోంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీని పైన.

*

చంద్రుడిదాకా:

అందరూ భయపెడుతున్నారు. రేపు బిట్‌కాయిన్ రెండు కోట్లయితే? ఇవాళ నష్టమొచ్చినా మైన్ చేసి దాచుకుంటే అప్పుడు లాభమే కదా బ్రో.

*

డాలస్ డబ్బా:

రెండు కోట్లవుతుందని నమ్మకముంటే ఆ 18 వేలతో నెలనెలా కొనుక్కోండి. ఆయన మెషీన్ నెలకి లక్షా 40 వేల సతోషీలు తెస్తుంది. 18 వేలు పెట్టి కొంటే 2 లక్షల 25 వేలు వస్తాయి. రెండు కోట్లయినా, రెండు లక్షలైనా ఎక్కువ నాణేలున్నవాడే నయం.

*

జమాఖర్చు:

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. సీఏని, క్లుప్తంగా చెప్తాను.

క్రిప్టో అమ్మితే ఆదాయపు పన్ను చట్టం కింద లాభం మీద 30 శాతం, సెస్సుతో 31.2. కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ తగ్గించనివ్వరు. మైనింగ్ సామగ్రికి పెట్టిన డబ్బు కొన్న ఖరీదు కిందికి రాదని 2022 మార్చిలోనే లోక్‌సభలో ఆర్థిక శాఖ సహాయ మంత్రి సమాధానమిచ్చారు. కరెంటు బిల్లూ తగ్గదు. అంటే నెలకి 11,200 నాణెం అమ్మితే దాదాపు 3,500 పన్ను. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్ ముందే కోస్తారు, అది తర్వాత సర్దుకుంటుంది. నష్టాన్ని మీ షాపు లాభంలో చూపించడం కుదరదు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్లలేరు.

18,200 ఖర్చు పెట్టి, 11,200 తెచ్చుకుని, దాని మీద 3,500 పన్ను కట్టడం. నెలకి పదివేలు పోగొట్టుకోవడానికి ఇంత కష్టం దేనికండీ? మా క్లయింట్లు రమ్మీలో హాయిగా పోగొట్టుకునేవారు.

*

గోదారి గట్టు:

అందరికీ దణ్ణాలండి. నిన్న షాపు సరుకు పని మీద హైదరాబాదు వెళ్లాను. వద్దనే అనుకున్నా, మా బావ ఊరుకోలేదు, చూసొద్దాం పద అన్నాడు. కారులో వెళ్లేటప్పుడు డాలస్ గారికి మెసేజ్ పెడితే, ఈ మోడల్లో బోర్డులు మూడుంటాయి, ఒక్కోదానికి 126 చిప్పులు, లాగ్ (మెషీన్ రాసుకునే రికార్డు) తెరిపించి మూడుచోట్లా 126 ఉందో లేదో చూడమన్నారు. స్క్రీన్ మీద అంకె కాకుండా పూల్ (మైనింగ్ చేసేవాళ్లంతా కలిసి వచ్చింది పంచుకునే గుంపు) దగ్గర 24 గంటల సగటు అడగమన్నారు.

మూడో అంతస్తులో ఒక గది. తలుపు తీయగానే చప్పుడు మొహాన కొట్టింది. మాట్లాడాలంటే మా బావ నా చెవిలో అరిచాడు. ఏదో అద్దె గోడౌన్లో రెండేళ్లు తిరిగిన మెషీన్ అంట, ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము నల్లగా, జిడ్డుగా పట్టేసి ఉంది. లాగ్ చూపించమంటే ఆయన ముందు నీళ్లు నమిలాడు. చూపించాక మొదటి బోర్డు 126, రెండోది 126, మూడోది 47. అసలు ఆ బోర్డు లేచే లేదు. మరి వీడియోలో 104 ఎలా వచ్చిందండీ అంటే "అది అప్పటిది" అన్నాడు. రేటు మాత్రం అక్కడికక్కడే 40కి దించాడు!

తిరిగొచ్చేటప్పుడు సూర్యాపేట దాటేదాకా మా బావ ఏమీ మాట్లాడలేదు. టీ తాగేటప్పుడు "40కి మంచి బేరమేరా" అన్నాడు.

మెషీన్ తీసుకోవట్లేదండి. మావాడికి నేర్చుకోవాలని సరదా ఉంది, దానికేమైనా చిన్నది ఉందా? అలాగే మా ఆవిడ అడగమంది: ఆ వడియాలు ఎలా వచ్చాయి?

*

డాలస్ డబ్బా:

పిల్లాడికైతే బిట్‌యాక్స్ అని అరచేయంత బోర్డు ఉంది. 1.2 టెరాహాష్, ఫోన్ ఛార్జరంత కరెంటు, చప్పుడు దాదాపు ఉండదు. నా టేబుల్ మీద ఒకటి తిరుగుతోంది. దానికి బ్లాకు తగలాలంటే సగటున 16 వేల ఏళ్లు పడుతుంది. తగిలితే మాత్రం మూడు నాణేలూ మావే. లాటరీ టికెట్టు అనుకుని కొనాలి. హాష్ అంటే ఏంటో, పూల్ అంటే ఏంటో నేర్చుకోవడానికి చాలు.

వడియాలు గాజుల్లా, పెళుసుగా వచ్చాయండీ, ఎండలో కూడా అంత సమంగా రావేమో. నూనెలో వేస్తే మాత్రం కాస్త టీవీ వెనక వాసన. మా అత్తగారు ఆవగింజంత కూడా ఒప్పుకోలేదు, పప్పు పాతదన్నారు. సగం డబ్బా ఇంకా ఫ్రీజర్‌లో ఉంది.